ప్లాబ్ ప్రిపరేషన్: డెల్టాలో డ్యూటీ చేస్తూనే చదవవచ్చు

ఇంగ్లండులో వైద్యం చేయడానికి రాయవలసిన ప్లాబ్ పరీక్షకు సిద్ధం కావాలంటే, ఉన్న ఉద్యోగం మానేసి హైదరాబాదులో హాస్టల్ వెతుక్కోక తప్పదని మన జూనియర్లలో చాలామంది అనుకుంటున్నారు. పాలకొల్లు దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టరుగా పనిచేస్తూనే చదివిన నాకు ఆ అవసరం కనిపించలేదు. పైగా, రెండు భాగాలుగా జరిగే ఈ పరీక్షలో రెండో భాగానికి మన ఓపీని మించిన శిక్షణ లేదని నా అభిప్రాయం.

మొదటి భాగంలో మూడు గంటల్లో 180 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. నెగెటివ్ మార్కులు లేవు కనుక, నీట్ పీజీ అలవాటుతో తెలియనివి వదిలేయకండి. సబ్జెక్టు మనకు కొత్తదేమీ కాదు గాని, మన అనుభవం ఒక దారిలోనూ అక్కడి ప్రశ్నలు మరో దారిలోనూ ఉంటాయి. పురుగుమందు తాగినవారికి అట్రోపిన్ ఎక్కించడంలో, పాము కాటుకు మందు వేయడంలో చెయ్యి తిరిగిన మనకు అక్కడ ఎదురయ్యేది పారాసిటమాల్ మాత్రలు గుప్పెడు మింగిన కేసు. ఎన్ని గంటల క్రితం మింగారు, నాలుగు గంటలు దాటాక తీసిన రక్త నమూనాలో మందు స్థాయి ఎంత, అది గ్రాఫులో చికిత్స అవసరాన్ని సూచించే గీతకు పైన ఉందా అన్న వరుసలో ఆలోచించి, అప్పుడు దాని విరుగుడు మందైన ఎసిటైల్ సిస్టీన్ దగ్గరకు రావాలి. తొలిసారి ఫిట్స్ వచ్చిన మనిషికి కారు నడపవద్దని, ఆ సంగతి అక్కడి లైసెన్సు కార్యాలయమైన డీవీఎల్ఏకు తెలియజేయాలని చెప్పడం కూడా అక్కడ వైద్యుడి బాధ్యతే. అందుచేత లావుపాటి పుస్తకాలు మళ్ళీ తిరగేయడం కన్నా, ప్రశ్నలు సాధన చేస్తూ, తప్పిన ప్రతిచోటా నైస్ అనే అక్కడి సంస్థ ఇచ్చే చికిత్సా మార్గదర్శకాలు తెరిచి చూసుకోవడం మేలు.

రెండో భాగం మాంచెస్టరులో జరుగుతుంది. రోగి పాత్రలో ఉన్న నటులతో ఒక్కొక్క సన్నివేశానికి ఎనిమిది నిమిషాలు మాట్లాడాలి. మన ఓపీలో రోగి కుర్చీలో కూర్చుంటే జవాబులన్నీ పక్కన నిలబడ్డ కొడుకో కోడలో చెబుతారు, మనమూ వాళ్ళతోనే మాట్లాడి పంపేస్తాం. అక్కడ ఆ పద్ధతి చెల్లదు. తన జబ్బు గురించి ఏమనుకుంటున్నారో, దేనికి భయపడుతున్నారో, మన నుంచి ఏం ఆశిస్తున్నారో రోగినే అడగాలి. ఈ మూడు ప్రశ్నలను నేను ముందు తెలుగులోనే అలవాటు చేసుకున్నాను. ఎన్నిసార్లు మోతాదు పెంచినా షుగరు దిగని ఒక పెద్దావిడను, అబ్బాయిని కాసేపు బయట ఉండమని, “మామ్మగారూ, ఇన్సులిన్ అంటే మీకేమైనా భయమా?” అని అడిగాను. “సూది మొదలెట్టారంటే ఇంక ఆఖరి రోజులేనంటారు కదండీ, అందుకే రోజూ వేసుకోవట్లేదు” అన్నారావిడ. పెంచవలసింది మోతాదు కాదన్నమాట. ఎనిమిది నిమిషాల్లో పరీక్షకులు చూసేదీ ఇదే. రద్దీ ఓపీలో అందరినీ ఇలా అడగడం కుదరదు. పూటకు ఇద్దరు ముగ్గురితో చేసినా చాలు.

ఇంగ్లీషు పరీక్షల్లో ఐఈఎల్‌టీఎస్ అయితే మొత్తం మీద 7.5, ఏ విభాగంలోనూ 7కు తగ్గకుండా రావాలి. వైద్యరంగం వారి కోసమే పెట్టిన ఓఈటీ అయితే నాలుగు విభాగాల్లోనూ బి గ్రేడు. వ్యాసం రాయడం కన్నా రిఫరల్ లెటర్ రాయడం మన చేతికి దగ్గర కనుక నేను ఓఈటీ వైపే మొగ్గుతాను.

కాగితాల పని మాత్రం చదువుతోపాటే మొదలుపెట్టండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగానూ, పట్టాలో పొడి అక్షరాలతోనూ ఉండడం మనలో మామూలే. డిగ్రీ ధ్రువీకరణకు పంపేలోగా ఆ తేడా సంగతి చూసుకోవాలి. మన మీద క్రమశిక్షణ చర్యలేవీ లేవని మెడికల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కు మాత్రం తొందరపడవద్దు. అక్కడ వైద్యుడిగా రిజిస్ట్రేషన్ చేసుకునే నాటికి అది మూడు నెలలలోపుదై ఉండాలి కాబట్టి, రెండో భాగం ఫలితం వచ్చాకే దరఖాస్తు చేయండి.