కుదుపు నుంచి కోడ్ దాకా: మా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మరమ్మతు

మా కారు టార్క్ కన్వర్టర్ (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న నాలుగు గేర్ల పాత ఆటోమేటిక్. ఎండాకాలంలో కావలి నుంచి నెల్లూరుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద వస్తున్నప్పుడు, ఇంజను బాగా వేడెక్కాక, రెండో గేరు నుంచి మూడో గేరుకు మారే చోట బండి గట్టిగా కుదిపేది. తెల్లవారుజామున బయలుదేరిన రోజుల్లో మాత్రం ఆ కుదుపు ఉండేది కాదు. చివరకు ఒక మధ్యాహ్నం దారిలోనే గేరు మారడం మానేసి, ఒకే గేరులో ఈడ్చుకుంటూ నెల్లూరు చేరింది. లోపాన్ని పసిగట్టిన కంప్యూటరు, గేర్‌బాక్స్ మరింత చెడిపోకుండా బండిని అలా కట్టడి చేస్తుందట.

సర్వీస్ సెంటరులో బండిని నడిపి కూడా చూడకుండానే గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. వారు చెప్పిన ఖర్చు ఆ బండి అమ్మకపు ధరలో సగానికి పైగా ఉంది. ఇంకొక షెడ్డులో మిషను పెట్టి గేర్‌బాక్స్‌లోని పాత ఆయిల్‌ను ఫ్లష్ చేస్తే, అంటే ఒత్తిడితో బయటకు తోసేస్తే, చాలన్నారు. మా బావగారైతే, ఆయనకు అన్ని బండ్ల గురించీ ఒకటే అభిప్రాయం కనుక, అమ్మేయమన్నారు.

నాకు నిజంగా ఉపయోగపడింది ఆటోనగర్‌లోని ఒక పెద్దవయసు మెకానిక్ మాట. "ఇది విప్పే పని నాది కాదు సార్, కానీ ఆయిల్ చూసి చెప్తాను" అన్నాడాయన. ఇంజనును వేడిగా, ఆన్‌లోనే ఉంచి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి తెల్ల కాగితం మీద అద్దాడు. కొత్తప్పుడు ఎర్రగా ఉండే ఆయిల్ గోధుమరంగుకు తిరిగింది కానీ మాడు వాసన లేదు. నల్లబడి మాడు వాసన కొడితే లోపలి క్లచ్ ప్లేట్లు కాలినట్టేనని, అప్పుడు ఆయిల్ మార్చినా లాభం ఉండదని చెప్పాడు. తరువాత ఛాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి అందులోని అయస్కాంతాన్ని చూపించాడు. దానికి మెత్తని బూడిదరంగు పొడి అంటుకుని ఉంది, అది మామూలు అరుగుదలే. లోహపు పెచ్చులు మాత్రం కనిపించలేదు. ఫ్లష్ వద్దన్నాడు, ఆ ఒత్తిడికి పాత మడ్డి కదిలి గేర్లు మారడానికి ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నని దారులకు అడ్డుపడవచ్చునని ఆయన భయం. మామూలుగా దించితే కొంత ఆయిల్ టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది కనుక, కొంతదూరం నడిపి మళ్లీ మార్చుకోవడం మేలన్నాడు. అసలు లోపం కరెంటుదని అనుమానించి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు మాత్రమే చేసే చెన్నై షెడ్డుకు పంపాడు.

బండిని తాడు కట్టి లాగనివ్వవద్దని కూడా ఆయనే హెచ్చరించాడు. ఇంజను ఆగి ఉంటే గేర్‌బాక్స్‌లోని పంపు తిరగదు, ఆయిల్ అందని భాగాలు చక్రాలతోపాటు తిరిగి కాలిపోతాయి. అందువల్ల నాలుగు చక్రాలూ పైకెక్కే రికవరీ బండి మాట్లాడుకున్నాం.

చెన్నైలో స్కానర్ పెట్టగానే షిఫ్ట్ సొలినాయిడ్‌కు (గేరు మారడానికి ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే వాల్వుకు) సంబంధించిన, పి0750 వరుసలోని లోపం కోడ్ వచ్చింది. వారు అక్కడితో ఆగలేదు. సొలినాయిడ్ రెసిస్టెన్స్‌ను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిచేసి మరొకసారి మీటరుతో కొలిచారు. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గానే చూపించిన దాని లోపలి తీగచుట్ట (కాయిల్), వేడెక్కితే తెగిపోయినట్టు చూపించింది. తెల్లవారి రాని కుదుపు మధ్యాహ్నం ఎందుకు వచ్చేదో అప్పుడు అర్థమైంది. ఆ సొలినాయిడ్, ఫిల్టరు మార్చి, మాన్యువల్‌లో రాసిన రకం ఆయిలే పోశారు. బిల్లు మొదట విన్న ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

ఇప్పుడు గేర్లు మెత్తగానే మారుతున్నాయి. రివర్స్ వేసినప్పుడు మాత్రం చిన్న జర్క్ ఉంది; అది ఇంజనును పట్టి ఉంచే మౌంటింగ్‌దని ఆటోనగర్ మెకానిక్ అంటున్నాడు, వచ్చే సర్వీసులో విప్పి చూస్తానన్నాడు.