పంచాయతీ ప్లానులో ఈదురుగాలికి ఒక పేజీ

మా ఊరి విపత్తు ప్రణాళికలో తుపానుకి నాలుగు పేజీలున్నాయి, వరదకి మూడు. "ఈదురుగాలి, వడగళ్లు" అన్న చోట మాత్రం ఏమీ లేదు. సెక్రటరీ గారు ఆ కాగితాలు నా చేతిలో పెట్టి, "లెక్కల మాస్టారు కదండీ, ఈ ఒక్కటీ మీరు నింపేయండి" అన్నారు. ఒక సాయంత్రం పనే కదా అనుకున్నాను. నెలన్నర పట్టింది.

కోనసీమలో గౌతమి గట్టు కింద ఊరు మాది. గట్టుకి అటు లంకల్లో, అంటే ఏటి మధ్య దిబ్బల్లో, అరటి, ఇటు దాళ్వా (రెండో పంట) వరి, పుంతల వెంట కొబ్బరి.

ముందు పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నాను. జ్ఞాపకాలకి కొదవ లేదు, తేదీలే దొరకవు. "ఆ గాలి ఎప్పుడొచ్చిందండీ?" అంటే "మా చిన్నదాని పెళ్లిపందిరి లేచిపోయిందే, అప్పుడు" అంటారు. అందుకని అందరికీ ఒకటే గుర్తు పెట్టాను: 1996 నవంబరు తుపానుకి ముందా, తర్వాతా? ఆ రాత్రి సంగతి మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. వడగళ్లు రెండుసార్లు పడ్డట్టు రాసుకున్నాను. చెంబులోకి ఏరుకున్నామని ఒక మామ్మగారు, మామిడి పిందెలన్నీ రాలాయని అవతలి వీధి తాతగారు చెప్పారు. పెళ్లిళ్లూ పురుళ్లూ సరిచూసుకుంటే రెండూ ఒకే వాన!

తేదీలు చివరికి కరెంటు సబ్‌స్టేషన్లో దొరికాయి. ఊళ్లకి కరెంటు తెచ్చే లైను (ఫీడరు) ఎప్పుడు ట్రిప్పయి ఆగిపోయింది, మళ్లీ ఎప్పుడు వేశారు, ఎందుకు పోయింది అన్నీ అక్కడ లాగ్‌బుక్‌లో రాస్తారు. మా లైన్‌మన్ మాట సాయం చేస్తే చూడనిచ్చారు. అట్ట ఊడిపోయిన పుస్తకాలు, టీ మరకలు. కారణం గడిలో "గాలి", "కొబ్బరి మట్ట", మళ్లీ "గాలి". ఏప్రిల్, మే పేజీల్లో సాయంత్రం నాలుగు దాటాక ఈ మాటలు వరసగా కనిపించాయి. గాలి కొలిచే యంత్రం మా ఊళ్లో లేదు కానీ, ఈ పుస్తకం దానికి దగ్గరి చుట్టమే.

సాయంత్రమే ఎందుకంటే, పగలంతా కాగిన నేలమీదికి సముద్రపు చెమ్మగాలి వస్తుంది. అది పైకి లేచి మబ్బుగా ఎదుగుతుంది. ఆ మబ్బులో పడే వాన చుట్టూ ఉన్న గాలిని చల్లార్చి బరువెక్కిస్తుంది. ఆ గాలి దభాలున నేలకి దిగి పక్కలకి పరుచుకుంటుంది. అందుకే వాన కంటే ముందు దుమ్ము వస్తుంది. వడగళ్లయితే ఎండాకాలంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున గడ్డకట్టే చలి దాటి, వెచ్చటి గాలిలోంచి దిగాలి. చిన్నవి దారిలోనే నీళ్లయిపోతాయి. మా దగ్గర అవి అరుదు కావడానికి ఇదొక కారణం.

నేను పని మొదలెట్టిన రెండో వారంలోనే ఒక గాలి వచ్చింది. పొద్దున్నే లంకలోకి వెళ్లాను. కర్పూర అరటి, గెల సగం పాకానికి వచ్చిన తోట. సరుగుడు కర్ర పోటు (ఊతం) పెట్టిన చెట్లు నిలబడ్డాయి, పెట్టనివి నడుముకి విరిగాయి. పడ్డవాటి తలలన్నీ ఆగ్నేయానికే. వాయవ్యం గాలి వచ్చిందని నోట్‌బుక్‌లో రాస్తుంటే, రైతు "రాసుకోండి మాస్టారూ, ఏడాది కష్టమండి" అన్నాడు. పెన్ను మూసేశాను.

ఇళ్ల దగ్గర లెక్క తేలికే. గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని, వర్గం కట్టి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. గంటకి 72 కిలోమీటర్ల గాలికి పది అడుగుల రేకు మీద ఇంచుమించు 70 కిలోలు పడుతుంది. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలు. మావాళ్లేమో రేకు లేవకుండా పైన రాయి పెడతారు. లేచినప్పుడు ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో!

నన్ను ఇబ్బంది పెట్టింది మాత్రం పేరు. కేంద్రం సాయమిచ్చే విపత్తుల జాబితాలో వడగళ్ల వాన ఉంది, ఈదురుగాలికి విడిగా చోటు లేదు. మా ఊళ్లో నష్టం చేసేది రెండోది. కోసి పనల మీదున్న వరికి ఫసల్ బీమా (కేంద్రం పంటల బీమా) నిబంధనల్లో 14 రోజుల రక్షణ ఉంది, నష్టం 72 గంటల్లో చెప్పాలి. ఆ గడువుని మాత్రం పెద్దక్షరాల్లో రాశాను. దామిని యాప్ ఎవరెవరి ఫోన్లలో ఉందో కూడా అడిగాను, పిడుగు దగ్గర్లో ఉంటే చెబుతుందని.

సర్పంచ్ గారు చదివి, "తుపాను కంటే ముందు దీన్ని రాశారేంటండి?" అన్నారు.

"తుపాను ఎన్నేళ్లకోసారి వస్తుందండీ?"

ఆయన లాగ్‌బుక్ నకలు రెండుసార్లు తిప్పి చూశారు. "మరి బడి సైకిళ్ల షెడ్డు సంగతేంటి?" అన్నారు.

ఆ ఆదివారం తుప్పుపట్టిన హుక్కులు తీసి కొత్తవి బిగించారు. షెడ్డు మీంచి దించిన రాళ్లు పదకొండు.