లతకు ముందటామె

మా పెద్దమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేటప్పుడు ఒక హిందీ పాటను సన్నగా కూనిరాగం తీసేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే రాగం, అదే ఒక్క పంక్తి: ‘మర్ జాయే తో అచ్ఛా హో’. దీపాలు పెట్టే వేళ ఆ చావు మాటలేమిటని మా అమ్మమ్మ కసిరేదట. పాట మొదలు ఏమిటో, ఏ సినిమాలోదో పెద్దమ్మకు గుర్తు లేదు. కాచిగూడ రైల్వే క్వార్టర్లలో పక్కింటివాళ్ళ గ్రామఫోన్ మీద విన్నానని ఒకసారి, సినిమాహాల్లోనే విన్నానని ఇంకోసారి చెప్పేది. ఒక్క విషయంలో మాత్రం ఆమె మాట ఎన్నడూ మారలేదు. లతా మంగేష్కర్ పాడిందేమో అని నేను అన్నప్పుడల్లా, ‘లత కాదు బిడ్డా, లతకు ముందటామె’ అనేది. ఆ ముందటామె ఎవరో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

మొదట ఆ కూనిరాగాన్ని సెల్‌ఫోనుకు వినిపించి చూశాను. డెబ్బై ఏళ్ళకు పైగా పెద్దమ్మ గొంతులో నలిగి, ఆమెకు అనువుగా వంగిపోయిన ఆ రాగాన్ని ఏ యంత్రమూ పోల్చుకోలేకపోయింది. ఆ తరువాత తెలిసినవారు ఒకరు హర్ మందిర్ సింగ్ ‘హమ్‌రాజ్’ కాన్పూరు నుంచి వెలువరించిన ‘హిందీ ఫిల్మ్ గీత్ కోశ్’ గురించి చెప్పి, 1941–50 సంపుటిని నెల రోజులకు అరువిచ్చారు. 1931లో టాకీ పుట్టినది మొదలు దశాబ్దానికొక సంపుటి చొప్పున, ఏ సినిమాలో ఏ పాటలున్నాయో, వాటిని ఎవరు రాశారో, ఎవరు పాడారో, ఏ రికార్డు మీద వచ్చాయో కూర్చిన గ్రంథమది. అయితే అందులో పాటలు పల్లవి మొదటి పంక్తితో ఉంటాయి, నా చేతిలో ఉన్నదేమో రెండో పంక్తి. కానీ అది మొదటి రెండు పంక్తులూ ఒకే మాటలతో ముగిసే గజల్ పద్ధతిలో కట్టిన పాటయితే మొదటి పంక్తి కూడా ‘అచ్ఛా హో’ అనే ముగియాలి. ఆ ఒక్క ఆధారంతో 1950 నుంచి వెనక్కి, రాత్రిపూట భోజనాలయ్యాక పేజీ తరువాత పేజీ చూసుకుంటూ వచ్చాను. చాలా పాటల పక్కన గాయకుల పేరు ఉండవలసిన చోటు ఖాళీగా కనిపించడం నన్ను కలవరపెట్టింది. నా పాటకు కూడా అదే గతి పట్టి ఉంటే ఇంత వెతుకులాటా వృథాయే కదా.

అదృష్టవశాత్తు చాలా వెనక్కి వెళ్ళవలసిన అవసరం రాలేదు. 1949లో బాంబే టాకీస్ తీసిన ‘మహల్’ దగ్గర ‘ఘబరాకే జో హమ్ సర్ కో టకరాయే తో అచ్ఛా హో’ అన్న పంక్తి దొరికింది. సంగీతం ఖేమ్‌చంద్ ప్రకాశ్, రచన నక్షబ్, గాయని రాజకుమారి. ‘మహల్’ అంటే నాబోటివాళ్ళకు తెలిసినది లత పాడిన ‘ఆయేగా ఆనేవాలా’ ఒక్కటే. పెద్దమ్మ చెప్పిన ‘లతకు ముందటామె’ లత పేరును దేశమంతా మోగించిన ఆ సినిమాలోనే ఉంది.

పుస్తకంలో దొరికింది కనుక అక్కడితో ఆగిపోవచ్చు. కానీ నాకు ఆ పాటను ఆనాటి రికార్డు మీద వినాలనిపించింది. హైదరాబాదులో పాత సామానుకు పేరుపడ్డ జుమ్మేరాత్ బజారుకు కొన్ని గురువారాలు తిరిగాను. తుప్పు పట్టిన కుట్టుమిషన్ల పక్కన, గోనెసంచి మీద పళ్ళేల్లా పేర్చి ఉన్న రికార్డుల్లో ఎక్కువ భాగం పగుళ్ళువారినవే. ఐదో వారమో ఆరో వారమో, లేబుల్ సగం గీరుకుపోయిన పది అంగుళాల రికార్డు ఒకటి దొరికింది. ‘మహల్’ అన్న పేరూ పాట మొదటి రెండు మాటలూ చదవగలిగేలా ఉన్నాయి, పాడినవారి పేరున్న చోట మాత్రం ఎవరో మేకుతో గీసినట్టు తెల్లటి చార.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. ఆ రోజు కొన్న మరో రికార్డును ముందు శుభ్రం చేద్దామని దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. దూది నల్లబడుతుంటే ఎన్నేళ్ళ మురికో అని సంతోషించాను కూడా. నిజానికి వస్తున్నది మురికి కాదు, రికార్డే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ కాలపు రికార్డులను లక్కతో చేసేవారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. రెండు నిమిషాల్లో పాట ఉన్న గాళ్ళు అద్దంలా నునుపెక్కిపోయాయి. ‘మహల్’ రికార్డును మాత్రం చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు వేసి, లేబుల్ తడవకుండా, మెత్తటి బ్రష్షుతో గాళ్ళ వెంబడి తుడిచి నీడలో ఆరబెట్టాను. ముల్లు సంగతి కూడా అప్పుడే తెలిసింది. తరువాతి కాలపు ఎల్పీ రికార్డుల ముల్లు సన్నం కావడం వల్ల వెడల్పైన ఈ గాళ్ళ అడుగున పొర్లాడి రొద తప్ప మరేమీ వినిపించదు. వీటికి మొన వెడల్పు సుమారు నాలుగింతలున్న ముల్లు వేరే కొనాలి.

అన్నీ అమర్చుకుని వింటే గొంతు బరువుగా, కిందికి దిగినట్టు వినిపించింది. నాకు తెలిసిన ‘రతన్’ సినిమా పాటల్లోని జోహ్రాబాయి అంబాలేవాలీ గొంతుకు దగ్గరగా అనిపించి, పుస్తకమే పొరబడిందేమోనన్న అనుమానం పట్టుకుంది. ఇదే సినిమాలో జోహ్రాబాయి, రాజకుమారి కలిసి పాడిన పాట కూడా ఉంది కనుక, పేర్లు తారుమారై ఉండవచ్చునని రెండు వారాలు నాలో నేనే వాదించుకున్నాను. చివరకు హార్మోనియం వాయించే మిత్రుడు ఒకరు విని, ఈ పాట శ్రుతి రెండు మెట్ల మధ్యలో ఎక్కడో ఉందని, ముందు నా ప్లేయర్ సంగతి చూసుకొమ్మని అన్నారు. మన 50 సైకిళ్ళ కరెంటుకు చుట్టూ 77 గీతలు గీసిన అట్టను ప్లేయర్ మీద పెట్టి ట్యూబులైటు వెలుగులో తిప్పితే, వేగం సరిగ్గా 78కి దగ్గరగా ఉన్నప్పుడు ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. ఎల్ఈడీ బల్బు కింద ఇది చాలాసార్లు కుదరదు, పాత చోకు ఉన్న ట్యూబులైటే కావాలి. నా గీతలు వెనక్కి పరుగెత్తాయి. బెల్టు సాగిపోయి పళ్ళెం నెమ్మదిగా తిరుగుతున్నది. కొత్త బెల్టు వేసి మళ్ళీ పెడితే గొంతు పైకి లేచింది. పల్చగా, తీయగా, చివర కొద్దిగా వణుకుతున్న ఆ గొంతు జోహ్రాబాయిది కానే కాదు.

గీసేసిన ఆ పేరు నన్ను చాలా రోజులు వదలలేదు. ‘ఆయేగా ఆనేవాలా’ మొదటి రికార్డుల మీద కూడా లత పేరు లేదు. సినిమాలో మధుబాల వేసిన పాత్ర పేరు ‘కామిని’ అనే వేశారు. వేసిన పాత్రలే పాడుతున్నట్టు చూపించే అలవాటు అప్పటికి ఇంకా పూర్తిగా పోలేదు. ఆ పాట పాడినదెవరని శ్రోతలు అడగగా అడగగా లత పేరు రేడియోలో చెప్పారట. రాజకుమారి గురించి అడిగినవారు లేరు. ముప్ఫైల్లో బాలనటిగా మొదలై, ‘మహల్’ తరువాత ఏడాదే ‘బావరే నైన్’లో ‘సున్ బైరీ బలమ్’ వంటి పాట పాడిన గాయని, సుమారు ఇరవై ఏళ్ళ తరువాత ‘పాకీజా’ నేపథ్య సంగీతం రికార్డింగులో బృందగానం వరుసలో నిలబడి ఉండగా సంగీత దర్శకుడు నౌషాద్ చూసి నొచ్చుకుని, ఆమెకు విడిగా ఒక పాట ఇచ్చారని చెబుతారు. ‘నజరియా కీ మారీ’ అన్న ఆ పాట విని చూడండి, అదే వణుకు. ఆమె 2000లో మరణించారు.

అప్పటి నుంచి 1931–40 సంపుటి కూడా తెచ్చుకుని చదువుతున్నాను. తొలి టాకీ ‘ఆలమ్ ఆరా’లో వజీర్ మహమ్మద్ ఖాన్ పాడిన ‘దే దే ఖుదా కే నామ్ పే’ మన దేశంలో మొదటి సినిమా పాట. అయినా ఆ సినిమా పాటలకు రికార్డులు రాలేదు, సినిమా ప్రతి కూడా మిగలలేదు. అందులో మన ఎల్.వి. ప్రసాద్ చిన్న వేషం వేశారు. ఆ పాటను షూటింగులో చెవులారా విన్నవారిలో మనవాడొకడు ఉండి ఉంటాడన్న ఊహ నాకు ఎందుకో తృప్తినిస్తుంది.

కిందటి సంక్రాంతికి ప్లేయరు మోసుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఇప్పుడామెకు ఎనభై ఎనిమిదేళ్ళు. పాట మొదలవగానే చాటలో చెయ్యి ఆగింది. గాయని కంటే అర క్షణం ముందుగా పెదవులు కదుపుతూ మూడు నిమిషాలూ విన్నది. ‘మర్ జాయే’ దగ్గర రికార్డులోని స్వరం ఆమె ఇన్నేళ్ళూ పాడిన స్వరానికి కొద్దిగా పైన ఉంది. ‘ఇక్కడ జర తప్పు పాడింది’ అని తేల్చేసింది. పేరు రాజకుమారి అని చెప్పాను. ‘లత కాదని చెప్తనే ఉంటి కద’ అని మళ్ళీ బియ్యంలోకి చెయ్యి పెట్టి, ‘రెండో దిక్కు ఏముంది, పెట్టు’ అంది. రికార్డు తిప్పాను. ఆ వైపు పగులు ఉండటం వల్ల ముల్లు మూడో చుట్టులోనే ఎగిరి బయటకు జారిపోయింది.