అమ్మ పుట్టిన జిల్లా ఏది?

మా అక్క అమెరికా పౌరసత్వం తీసుకున్నాక అమ్మ గ్రీన్‌కార్డు కోసం, ఈమె మా అమ్మ అని చుట్టరికం చూపించే ఐ-130 పిటిషన్ వేసింది. 21 ఏళ్లు నిండిన పౌరులు తల్లిదండ్రులకి వేస్తే ఏడాదికి ఇన్ని వీసాలే అనే కోటా ఉండదు. అదే తోడబుట్టినవాళ్లకయితే పదిహేనేళ్లు పైమాటే. "నువ్వు కూడా వస్తే బాగుండు నాయనా" అని అమ్మ అన్నప్పుడల్లా ఆ లెక్క చెప్పాల్సి వచ్చేది. అక్కడి ఫారాలు, ఫీజులు అక్క చూసుకుంది. కందుకూరులో ఉంటాను కాబట్టి ఇక్కడి కాగితాలు నా వంతు.

అమ్మ 1955లో ఉలవపాడు దగ్గర ఒక పల్లెలో, ఇంట్లోనే పుట్టింది. బర్త్ సర్టిఫికెట్ లేదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో. 1970 ఏప్రిల్ 1కి ముందు పుట్టినవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ ఉండకపోవచ్చని అమెరికా వాళ్లకి కూడా తెలుసు. రికార్డు దొరకలేదని ఇక్కడి అధికారి ఇచ్చే కాగితం, దాంతో పాటు స్కూలు రికార్డు, పుట్టుక గురించి స్వయంగా తెలిసినవాళ్ల అఫిడవిట్లు పెడితే చూస్తారు. ఈ సంగతి ఎవరూ చెప్పక మా వైపు కొందరు పెద్దవాళ్లు ఏజెంట్ల చేతుల్లో పడి డబ్బు పోగొట్టుకుంటున్నారు. అది చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది.

మాకు అసలు చిక్కు జిల్లా దగ్గర వచ్చింది. అమ్మ పుట్టేనాటికి ఆంధ్రప్రదేశ్ లేదు, ఆంధ్ర రాష్ట్రమే ఉంది. ఊరు నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మా తాలూకా అందులోకి వెళ్లింది. 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నెల్లూరు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ మార్చినప్పుడు కందుకూరు, ఉలవపాడు అన్నీ నెల్లూరులో కలిశాయి. దాంతో అమ్మ స్కూలు రికార్డులో నెల్లూరు, పాస్‌పోర్టు అడ్రస్‌లో ప్రకాశం, ఆ మార్పు తర్వాత మేం కొత్తగా తీసుకున్న ప్రతి కాగితంలో మళ్లీ నెల్లూరు. ఊరు అదే, ఇల్లు అదే.

రికార్డు లేదనే కాగితం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే, పాత రిజిస్టర్లు పాత జిల్లాలో ఉంటాయి, అక్కడ అడగండి అన్నారు. అక్కడికి వెళ్తే మీ మండలం ఇప్పుడు మా కింద లేదన్నారు. మునసబులు, కరణాల కాలం నాటి పుస్తకాలు, ఆ ఉద్యోగాలు 1984లో రద్దయ్యాక ఎక్కడెక్కడ చేరాయో చెప్పే మనిషి దొరకడమే కష్టమైంది. చివరికి ఒక పాత ఉద్యోగి ఓపిగ్గా కూర్చుని, అప్లికేషన్‌లో తాలూకా పేరు, ఇప్పటి మండలం పేరు రెండూ ఎలా రాయాలో చూపించారు. అలా రాసిన దరఖాస్తుని ఎవరూ వెనక్కి పంపలేదు. ఆయన మేలు మర్చిపోలేను.

అఫిడవిట్ల కోసం సింగరాయకొండలో ఉండే పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ కంటే పదేళ్లు పెద్దది. మంత్రసాని ఎవరో, నీళ్లు ఎవరు కాచారో, తాతయ్య ఏ ఊరి నుంచి తిరిగొచ్చాడో అన్నీ చెప్పింది. కాగితం చదివి వినిపించగానే మాత్రం ఆగిపోయింది. "జులై ఒకటి ఏంది అబ్బయా? మీ అమ్మ కార్తీకంలో పుట్టింది. అబద్ధానికి నేను వేలిముద్ర వెయ్యను" అంది. ఆ తరం వాళ్లలో చాలామందికి బడిలో వేసిన తేదీయే పుట్టినరోజు. అమ్మకి ఆధార్‌లో, పాస్‌పోర్టులో, అంతటా అదే ఉంది.

పెద్దమ్మని బతిమాలి వేయించడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె చెప్పేది నిజం కదా. అక్క అక్కడి లాయర్‌తో మాట్లాడితే ఆయన తేలిగ్గా దారి చూపించాడు: సాక్షి తనకు తెలిసింది తెలిసినట్టే చెప్పాలి, ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. అందుకని మళ్లీ రాయించాం. ఏ ఇంట్లో పుట్టింది, తల్లిదండ్రులెవరు, ఆ సమయానికి తన వయసెంత, తాను అక్కడే ఉన్న సంగతి, అన్నీ పెద్దమ్మ మాటల్లోనే. తేదీ మాత్రం స్కూలు రికార్డు ప్రకారం ఉన్నదని విడిగా ఒక వాక్యం. జిల్లా మార్పులన్నీ సంవత్సరాలతో ఒక పేరా. ఈసారి పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుని మరీ వేలిముద్ర వేసింది. రెండో అఫిడవిట్ అమ్మ పెదనాన్న కొడుకు, మా మామయ్య ఇచ్చాడు.

పోలీస్ క్లియరెన్స్ అప్పుడు కూడా జిల్లా ప్రశ్న వచ్చింది, అదే పేరా కాపీ చూపిస్తే సరిపోయింది. ఇంటర్వ్యూ ముంబైలో, బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని కాన్సులేట్‌లో. మన దేశం మొత్తం మీద ఇలాంటి వీసాలు చూసేది అక్కడే. డెబ్బై దాటుతున్న మనిషిని అంత దూరం తీసుకెళ్లాలంటే నాకు చాలా టెన్షన్‌గా ఉండింది. కిటికీ దగ్గర అమ్మని పిల్లల గురించి అడిగారు, పుట్టిన తేదీ అడిగారు. జిల్లా మాటే ఎత్తలేదు. అయినా ఆ కాగితాలు ఫైల్లో ఉండబట్టే అమ్మ ధైర్యంగా నిలబడిందని నా నమ్మకం.

అమ్మ ఇప్పుడు అక్క దగ్గర ఉంది. కార్డు వచ్చింది గానీ, ఆ కార్డు ఉన్నవాళ్లు అక్కడే కాపురం ఉండాలి. ఏడాది, అంతకు మించి బయట ఉండిపోతే తిరిగి రానివ్వడం కష్టం. అమ్మకేమో సంక్రాంతికి ఇక్కడికి రావాలి, మామిడికాయల కాలం దాకా ఉండాలి, వీలైతే ఇంకొన్నాళ్లు. అందుకని రీఎంట్రీ పర్మిట్‌కి, అంటే ఎక్కువకాలం బయట ఉండి తిరిగి వెళ్లడానికి ముందే తీసుకునే అనుమతికి, అక్క ఫారం నింపుతోంది. అప్లై చేసేటప్పుడు మనిషి అమెరికాలోనే ఉండాలి, వస్తే రెండేళ్ల వరకూ చెల్లుతుంది. వేలిముద్రలకి పిలుపు వచ్చి ఆ పని అయ్యాక చెన్నైకి టికెట్ చూస్తాం.