మా వీధి చివర ఐస్ ఫ్యాక్టరీ, అమ్మోనియా, పంచాయతీ లైసెన్సు: నా అనుభవం

భీమవరం నుంచి నరసాపురం దాకా రొయ్యల చెరువులున్న చోటల్లా ఓ ఐస్ ఫ్యాక్టరీ ఉంటుంది. చెరువులో రొయ్యలు పట్టే (పట్టుబడి) రోజున ఐసు లేకపోతే సరుకు చెరువు గట్టు మీదే పాడైపోతుంది కాబట్టి ఉండి తీరాలి, దాని మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ నీళ్లని చల్లబరిచి ఆ ఐసు కట్టించేది అమ్మోనియా గ్యాస్ అన్న సంగతి ఊళ్లో సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లు "ఆ వాసన మామూలేనండి" అని వదిలేస్తారు. మా వీధి చివర ఫ్యాక్టరీ నేను పుట్టక ముందు నుంచీ ఉంది. గోడ పక్కనే అంగన్‌వాడీ, వెనక పంట కాలువ, గట్టు పొడవునా ఇళ్లు. దాని భద్రత చూడాల్సింది ఎవరో తేల్చుకోవడానికి పట్టిన తంతు అంతా రాస్తున్నాను, ఇలాంటిది మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది కాబట్టి.

2023 వేసవిలో ఓ రాత్రి గ్యాస్ లీకైంది. పెద్దది కాదు, కాసేపట్లో కట్టేశారు, ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు. మా అమ్మకి ఆయాసం ఉంది, ఆ రాత్రంతా కూర్చునే ఉంది. నన్ను భయపెట్టింది లీకు కన్నా జనం పరుగు. గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా సగం మంది కాలువ గట్టు వైపు, అంటే గ్యాస్ వెళ్తున్న వైపే పరుగెత్తారు, పసిపిల్లల్ని ఎత్తుకుని మరీ. అమ్మోనియా గాలి కన్నా తేలికే, మామూలుగా పైకి పోవాలి, కానీ ఒత్తిడిలో ద్రవంగా ఉన్నది (దాని మరిగే ఉష్ణోగ్రతే మైనస్ 33 డిగ్రీలు) ఒక్కసారి బయటికొస్తే చల్లటి పొగమంచులా మారి, మా కోస్తా తేమలో నేలని పట్టుకుని పాకుతుంది. తడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది, అంటే కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు. గాలికి అడ్డంగా గానీ ఎదురుగా గానీ వెళ్లాలి, తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోవాలి, కళ్లు మండితే కనీసం పావుగంట నీళ్లతో కడగాలి. ఈ నాలుగు ముక్కలు ఇన్నేళ్లలో మాకు ఎవరూ చెప్పలేదు.

మా వైపు వాళ్లకి ఇవి వినికిడి కబుర్లు కావు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం దగ్గర గ్యాస్ పైపులైను పేలి నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. 2017 మార్చిలో మొగల్తూరు మండలంలో ఆక్వా ప్లాంటులో వ్యర్థాల ట్యాంకులోకి దిగి ఐదుగురు కూలీలు విషవాయువుకి చనిపోయారు. రెండుసార్లూ తర్వాత అందరూ అడిగింది ఒకటే ప్రశ్న, ఇన్నాళ్లూ చూడాల్సినవాళ్లు ఎవరు అని. నేను ఆ ప్రశ్న ముందే అడగాలనుకున్నాను.

మొదట గ్రామ సచివాలయానికి వెళ్లి అర్జీ ఇచ్చాను. "మీరు చెప్పింది నిజమేనండి, కానీ అది పెద్ద ఆఫీసుల పనండి" అన్నారు సెక్రటరీ గారు. పెద్ద ఆఫీసులో అడిగితే అది ఫైర్ వాళ్లదన్నారు, ఫైర్ స్టేషన్లో ఆఫీసరు గారు మర్యాదగా కూర్చోబెట్టి, మంటలకి సంబంధించినంత వరకు మేం చూస్తాం గానీ మెషినరీ మాది కాదన్నారు. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ ఒప్పుకోనూ లేదు.

ఇలా తిరుగుతున్నప్పుడు మా ఊళ్లో రిటైరైన హెడ్‌మాస్టారు ఒకరు చెప్పిన మాటతో దారి దొరికింది. "భద్రంగా ఉందా అని అడక్కురా, ఉందంటారు, అక్కడితో అయిపోయింది. ఫలానా కాగితం నకలు ఇవ్వండి అని అడుగు, ఇవ్వాలి, లేదా లేదని రాసివ్వాలి" అన్నారు. అంతే, పంచాయతీకి ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీలో ఆర్టీఐ దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. అడిగినవి కూడా పొడి పొడిగా అడిగాను: ఈ ఫ్యాక్టరీకి పంచాయతీ ఇచ్చిన అనుమతి నకలు, అందులో పెట్టిన షరతులు, చివరిసారి రెన్యువల్ చేసిన తేదీ, చివరిసారి తనిఖీ చేసినవారి రిపోర్టు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాలేదు. మండల పరిషత్ ఆఫీసులో అప్పీలు ఇచ్చి, అర్జీలు తీసుకునే తపాలు బల్ల దగ్గర రెండో కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను (ఏ ఆఫీసులో ఏ కాగితం ఇచ్చినా ఇది మాత్రం వదలొద్దు, తర్వాత మన చేతిలో ఉండేది ఆ స్టాంపే).

అప్పీలు తర్వాత వచ్చిన జవాబు ఒకే పేజీ. అనుమతి ఎప్పుడో పాతది, ఇప్పటి ఓనరు గారి నాన్నగారి పేరు మీద ఉంది. రెన్యువల్ రసీదులు కొన్నేళ్లవి అసలు లేవు. తనిఖీ రిపోర్టు "రికార్డులో లభ్యం కాలేదు". ఆ ముక్క చదివినప్పుడు నాకు కోపం కన్నా ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇది పంచాయతీ పని కాదని ఇక ఎవరూ అనలేరు. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది, మెషిన్లు పెట్టి ఫ్యాక్టరీ నడపాలన్నా, ప్రమాదకరమైన వ్యాపారం చేయాలన్నా పంచాయతీ అనుమతి కావాలి, ఆ అనుమతికి షరతులు పెట్టే అధికారం కూడా పంచాయతీదే.

ఫ్యాక్టరీల తనిఖీ చేసే శాఖని కూడా అడిగితే వచ్చిన జవాబు వేరే రకం. పనిచేసేది ఎనిమిది మందే కాబట్టి తమ పరిధిలోకి రాదన్నారు. అప్పటికి అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తీసి చదివాను. కరెంటుతో నడిచే చోట గడిచిన పన్నెండు నెలల్లో ఏ ఒక్క రోజైనా పది మంది పనిచేసి ఉంటే అది ఫ్యాక్టరీయే, కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు కూడా లెక్కలోకి వస్తారు. పట్టుబడుల సీజన్లో ఐసు దిమ్మలు లాగేవాళ్లు, నలిపేవాళ్లు, లారీకెక్కించేవాళ్లు ఎంతమంది ఉంటారో మా వీధిలో చిన్నపిల్లాడైనా చెప్తాడు. అదే రాసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చాను. ఈసారి అర్జీ కింద వీధిలో అందరం సంతకాలు పెట్టాం, అంగన్‌వాడీకి పిల్లల్ని పంపే తల్లులు ముందు పెట్టారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్ద రసాయన ఫ్యాక్టరీలకి భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు, 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం కలెక్టరు గారి కింద జిల్లా క్రైసిస్ గ్రూపు, దాని కింద లోకల్ క్రైసిస్ గ్రూపు, అందులో ఊరి సర్పంచికీ డాక్టర్లకీ కూడా చోటు, ఆర్నెల్లకోసారి మాక్ డ్రిల్ (ప్రమాదం జరిగినట్టే చేసి చూసే సాధన). కానీ అవి వర్తించాలంటే అమ్మోనియా పదుల టన్నుల్లో నిల్వ ఉండాలి. మా ఫ్యాక్టరీలో అంత ఉండదు. తక్కువ ఉంది కాబట్టి ప్రమాదం తక్కువ అనుకోవడానికి లేదు, గోడ పక్కన అంగన్‌వాడీ ఉన్నప్పుడు ఒక్క సిలిండరు చాలు. అందుకే ఇలాంటి చిన్నవాటికి పంచాయతీయే దిక్కు అని నేను గట్టిగా అంటాను.

చివరికి ఫైర్, ఫ్యాక్టరీల శాఖ, మండలం వాళ్లు కలిసి తనిఖీకి వచ్చారు. సర్పంచి గారితో పాటు నన్నూ లోపలికి రానిచ్చారు. లోపల ఆపరేటరు బాబాయ్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అమ్మోనియా నిల్వ ఉండే రిసీవర్ ట్యాంకు అడుగున నూనె తీసే వాల్వు చూపించాడు, దానికో రబ్బరు గొట్టం, కింద నీళ్ల బక్కెట్టు. కంప్రెసర్‌లోని నూనె అమ్మోనియాతో పాటు కొట్టుకొచ్చి అక్కడ పేరుకుంటుంది, అప్పుడప్పుడూ తీసెయ్యాలి, నూనె అయిపోగానే వెనకాలే అమ్మోనియా తన్నుకొస్తుంది. "నూనె తీసేటప్పుడేరా అబ్బాయ్ భయం. వాల్వు తిప్పి అటు ఫోను మోగిందని వెళ్లావా, ఇక అంతే. ఆ రాత్రి జరిగింది కూడా ఇదే" అన్నాడు, ఓనరు గారి ముందే. ఆయన చేతుల మీద పాత మచ్చలున్నాయి. ముఖానికి పెట్టుకునే మాస్కు ఉంది గానీ దానికుండే గాలి వడగట్టే డబ్బా ఎప్పటిదో ఎవరికీ తెలియదు.

తనిఖీ తర్వాత ఓనరు గారికి నోటీసు వచ్చింది. ఆయన మొదట నా మీద కోపంగానే ఉన్నారు, మా చెరువులకి ఐసు ఇవ్వనని కూడా కబురు పంపారు, తర్వాత సర్పంచి గారు కూర్చోబెట్టి మాట్లాడాక మెత్తబడ్డారు. చెయ్యి తీస్తే దానంతట అదే మూసుకునే వాల్వు నూనె దగ్గర పెట్టించారు. ఒత్తిడి పెరిగితే గ్యాస్ బయటికి వదిలే సేఫ్టీ వాల్వు గొట్టం వీధి వైపు తిరిగి ఉండేది, దాన్ని కప్పు పైకి లేపారు. ఊపిరి సిలిండరుతో ఉండే మాస్కులు రెండు తలుపు బయట పెట్టారు, లోపల పెడితే లీకైనప్పుడు వాటి కోసమే లోపలికి పోవాలి కదా. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం కప్పు మీద కట్టారు, అది అంగన్‌వాడీ గుమ్మంలోంచి కనిపిస్తుంది. గోడ మీద తెలుగులో బోర్డు, ఫోను నంబర్లతో. ఇవన్నీ షరతులుగా రాసి, పంచాయతీ ఇప్పటి ఓనరు గారి పేరు మీద కొత్తగా అనుమతి ఇచ్చింది.

గ్రామసభలో తీర్మానం కూడా చేయించుకున్నాం, ఏటా మార్చిలో రెన్యువల్‌కి ముందు తనిఖీ రిపోర్టు సభలో చదివి వినిపించాలని. ఫైర్ వాళ్లు వచ్చి వీధిలో ఒకసారి మాక్ డ్రిల్ చేశారు, అంగన్‌వాడీ టీచరు పిల్లల్ని గుడి వైపు నడిపించుకెళ్లింది, మా అమ్మ కూడా తడి తువ్వాలు పట్టుకుని నడిచింది. ఇంకా తేలనిది ఒకటే, అమ్మోనియా సిలిండర్ల లారీ రాత్రిపూట అంగన్‌వాడీ ముందే ఆగుతోంది. దాని మీద అర్జీ మండలంలో ఉంది, స్టాంపు కాపీ నా దగ్గర ఉంది, వచ్చే గ్రామసభలో అడగబోయే మొదటి విషయం అదే.