భడ్లా రోడ్డు మీద పది రూపాయల చార్జింగ్

పది రూపాయలంట, ఫోన్ చార్జింగ్ పెట్టుకోడానికి. డబ్బు గురించి కాదు, రైల్వే స్టేషన్లో నీళ్ల బాటిల్‌కి అడిగినంత ఇచ్చి నోరెత్తకుండా తాగే మనిషినే నేను. కానీ ఎక్కడ అడిగాడో చూడండి. నా వీపు వెనక ఇనప కంచె, కంచె అవతల కంటికి ఆనినంత దూరం సోలార్ ప్లేట్లు, రాజస్థాన్ ఎడారిలో 2,245 మెగావాట్ల భడ్లా పార్కు. ఆ కంచెకి ఇవతల రేకుల షెడ్డులో టీ కాచేవాడు నా చార్జర్ చేతిలోకి తీసుకుని "దస్ రుపియా బాబూజీ" అన్నాడు. తుంగభద్రలో మొలలోతు నిలబడి నీళ్లు కొనుక్కున్నట్టు అనిపించింది నాకు.

ఇంత దూరం ఎందుకు పోయానో ముందు చెప్పాలి కదా. నేను డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ కంపెనీలో, అకౌంట్స్ సెక్షన్‌లో చేసి రిటైరైనవాణ్ని, చివర్లో కొన్నేళ్లు కరెంటు కొనుగోలు బిల్లుల టేబుల్ నాదే. 2017 మే నెలలో భడ్లా వేలంలో, అంటే ఎవరు తక్కువ రేటుకి కరెంటు ఇస్తామంటే వాళ్లకే దక్కే వేలంలో, యూనిట్ 2.44 రూపాయలకి పోయిందని పేపర్లో వచ్చిన రోజు మా సెక్షన్‌లో ఎవరూ నమ్మలేదు, పాయింట్ ఎక్కడో తప్పు పడిందన్నారు. ఎందుకంటే 2010లో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ సోలార్‌కి కట్టిన రేటు 17.91. పదిహేడు ఎక్కడ, రెండున్నర ఎక్కడ. ఆ తర్వాత 2020లో రాజస్థాన్ ప్లాంట్లకే సరిగ్గా రెండు రూపాయలకి కూడా వేలం పాడారు, అప్పటికి మేం ఆశ్చర్యపోవడం మానేశాం. 2022 ఏప్రిల్ నుంచి బయటి దేశం ప్లేట్ల మీద నలభై శాతం కస్టమ్స్ డ్యూటీ పడ్డాక ఆ రెండు రూపాయల ముచ్చట ముగిసిందనుకోండి, అది వేరే సంగతి. మొత్తానికి ఆ ఊరి పేరు నా బుర్రలో అట్లా ఉండిపోయింది.

మొన్న మార్చిలో మా ఆవిడ చెల్లెలి కొడుకు జోధ్‌పూర్‌లో ఇల్లు తీసుకుంటే గృహప్రవేశానికి పోయాం. కోట చూశాం, చీరలు కొన్నాం, మిర్చీ వడ తిన్నాం, నాలుగు రోజులు అట్లా గడిచిపోయాయి, వాటి గురించి రాయడానికేం లేదు. ఐదో రోజు నేను భడ్లా పోతానంటే మా ఆవిడ "గుడులు చూడ్డానికి పోయేవాళ్లని చూశాను, కోటలు చూడ్డానికి పోయేవాళ్లని చూశాను, ప్లేట్లు చూడ్డానికి పోయేది మిమ్మల్నే చూస్తున్నా" అంది. రానంది. మంచిదే అయింది, ఆ జీపులో తను కూర్చునేది కాదు.

పొద్దున్నే రోడ్‌వేస్ బస్సులో ఫలోదీ. ఎలక్షన్లప్పుడు సట్టా బజార్ (పందేల బజారు) లెక్కలని టీవీల్లో ఊదరగొడతారే, ఆ ఫలోదీయే. 2016 మే 19న 51 డిగ్రీలు కొట్టింది కూడా ఈ ఊళ్లోనే. అక్కడినించి బాప్ దాకా ఇంకో బస్సు, బాప్ నించి మాత్రం బస్సు టైం ఎవరూ సరిగ్గా చెప్పరు, ఒకడు పన్నెండంటాడు ఒకడు రెండంటాడు, చివరికి షేర్ బొలెరో దొరికింది. సీటుకి నూటయాభై అన్నాడు, పక్కన ముసలాయన యాభై ఇవ్వడం నా కళ్లారా చూశాను. అడిగితే "ఆయన ఈ ఊరాయన" అన్నాడు డ్రైవర్, దాంట్లో తప్పేముంది అన్నట్టు.

జీపులో తొమ్మిది మంది మనుషులు, రెండు మేకలు. మేకలకి టికెట్ లేదు. ఒకటి నా చెప్పు తాడు నమలడం మొదలుపెట్టింది, కాలు వెనక్కి తీసుకుందామంటే వెనక గోధుమపిండి బస్తా. కిటికీ అద్దం పైకి రాదు, ఇసుక నోట్లోకి వస్తోంది, పళ్ల మధ్య కరకరమంటోంది, అట్లాగే గంటకి పైగా. నా పక్కన సెక్యూరిటీ యూనిఫాం వేసుకున్న కుర్రాడు, ఏదో ప్లాంటు గేటు దగ్గర డ్యూటీ అంట. వాళ్ల నాన్నకి కాస్త భూమి ఉండేది, దాంట్లో వానొస్తే సజ్జలు, రాకపోతే ఏమీ లేదు. ఆ భూమి ఇప్పుడు ప్లేట్ల కింద ఉంది, కొడుకు ఆ ప్లేట్లకి కాపలా. సంతోషమా బాధా అని అడిగితే "నెలకి జీతం వస్తోంది" అన్నాడు, ఇంక పొడిగించలేదు.

అతనే చెప్పాడు, ఇక్కడ చాలా చోట్ల ప్లేట్లు కడగరంట, నీళ్లెక్కడివి. రాత్రి పూట బ్రష్షులున్న రోబోలు వరస మీద ఆ చివర నించి ఈ చివరకి దుమ్ము ఊడ్చుకుంటూ పోతాయి. తుఫాను గాలి వచ్చిన మర్నాడు మాత్రం ప్లేటు మీద వేలితో పేరు రాయొచ్చు అన్నాడు. ఎండ ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ అనుకునేవాణ్ని నేను, అది తప్పు. వెలుగు కావాలి గానీ వేడి అక్కర్లేదు, ప్లేటు 25 డిగ్రీలు దాటి వేడెక్కే కొద్దీ డిగ్రీకి అర శాతానికి కొంచెం తక్కువగా ఉత్పత్తి పడిపోతుంది. మే నెలలో ఆ ప్లేటు మీద రొట్టె కాల్చొచ్చు.

దారి పక్కన ఇసకలో అక్కడొకటి ఇక్కడొకటి ముళ్లచెట్లు, సన్నాకులు, నాకు బాగా తెలిసినట్టే ఉన్నాయి గానీ పేరు తట్టడం లేదు. ముసలాయన్ని అడిగితే ఖేజ్డీ అన్నాడు. కాసేపటికి వెలిగింది, మన జమ్మిచెట్టే! దసరాకి ఆకు తెంచి పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకి దణ్ణం పెడతామే, అదే. మా ఊళ్లో ఊరికొక్క చెట్టుంటే గొప్ప, ఇక్కడ పొలాల నిండా ఉన్నాయి, కాయలు సాంగ్రీ అని కూర వండుకుంటారు, ఆకు మేకలకి. ఈ చెట్టు కోసమే 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో బిష్ణోయిలు 363 మంది చెట్లని కావలించుకుని ప్రాణాలిచ్చారు. ఇప్పుడు సోలార్ కోసం చెట్లు కొట్టేస్తున్నారని మళ్లీ ధర్నాలు. ఊరి దేవుడి పేరున వదిలేసిన ఓరణ్ భూములు రికార్డుల్లో బంజరని రాసుంటాయి, బంజరంటే కంపెనీకి ఇచ్చేయొచ్చు. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు వాటిని సర్వే చేసి అడవిగా నోటిఫై చెయ్యమంది. ముసలాయనకి కోర్టు సంగతి తెలుసు. "కాగితం జైపూర్ నించి ఒంటె మీద వస్తోంది" అన్నాడు, జీపంతా నవ్వింది.

వైర్లకి వేలాడే పళ్లేల్లాంటి బిళ్లలు కూడా చూశా, గాలికి గిరగిరా తిరుగుతున్నాయి. పిట్టలకి లైను కనపడ్డానికంట. ఏ పిట్ట అంటే గోడావణ్ అన్నాడు కుర్రాడు. అంటే మన బట్టమేక పిట్ట. నాకు గుండెలో కలుక్కుమంది, ఎందుకంటే మాది కర్నూలు వైపు, ఈ పిట్ట కోసమే 1988లో రోళ్లపాడు శాంక్చురీ పెట్టారు, చిన్నప్పుడు మా మామ సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయి జొన్నచేల అవతల వేలు పెట్టి చూపించాడు. నాకు కనపడింది మెడ ఒక్కటే. ఇప్పుడక్కడ బోర్డు మీద బొమ్మ మిగిలింది. మా దగ్గర దాన్ని తరిమింది వైర్లు కూడా కాదు, చేలు మారాయి, కాలవలొచ్చాయి, మనుషులొచ్చారు. దేశం మొత్తంలో నూటయాభై లోపే మిగిలాయంటారు, అందులో ఎక్కువ ఈ థార్‌లోనే. బరువైన పక్షి, పైగా ఎదురుగా ఉన్నది సరిగ్గా చూడలేదు, పక్కలకే దాని చూపు, ఎగురుతూ వచ్చి తీగకి కొట్టుకుంటుంది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు లైన్లన్నీ భూమిలో వెయ్యమంటే కరెంటోళ్లు గొల్లుమన్నారు, హై వోల్టేజి లైను అంత దూరం భూమిలో వెయ్యడం అయ్యే పని కాదన్నారు, 2024 మార్చిలో కోర్టు ఆ ఆర్డర్ సడలించి కమిటీ వేసింది. సర్వీసులో ఉన్నప్పుడైతే నేను కూడా కరెంటోళ్ల పక్కే మాట్లాడేవాణ్ని. ఆ జీపులో మాత్రం మామ సైకిలే గుర్తొచ్చింది.

దిగాను. పార్కు లోపలికి పాస్ లేకుండా పంపరు, పంపుతారని నేనూ అనుకోలేదు. కంచె బయటి నించే చూశా. 14,000 ఎకరాలు. మా ఓర్వకల్లు అవతల గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు వచ్చినప్పుడు ఎంత పెద్దదో అనుకున్నాం, ఇది రెండింతల పైన. కానీ నిజం చెప్పాలంటే పది నిమిషాలు చూశాక ఇంక చూడ్డానికేం లేదు. చప్పుడు లేదు, పొగ లేదు, మనిషి లేడు. థర్మల్ స్టేషన్‌కి పోతే కనీసం బాయిలర్ రొద ఉంటుంది. వీడియో తీసి, మ్యాప్ పెట్టుకుని తిరిగేసరికి ఫోన్ మూడు శాతానికి వచ్చింది, తిరుగు జీపు నాలుగున్నరకి, డ్రైవర్‌కి ఫోన్ చెయ్యాలి. అట్లా ఆ టీ షెడ్డుకి వచ్చి పడ్డాను.

పది రూపాయలు అనగానే నాకు పాత రోగం తిరగబెట్టింది, లెక్క వేశా. నా ఫోన్ నిండా ఎక్కాలంటే అటూ ఇటూ పాతిక వాట్ అవర్లు, అంటే ఒక యూనిట్‌కి నలభై ఫోన్లు. నలభై పదులు నాలుగొందలు. కంచె అవతల యూనిట్ 2.44, కంచె ఇవతల 400! నూట అరవై రెట్లు. ఆ మాటే వచ్చీరాని హిందీలో అతనికి చెప్పాను, దోపిడీ కాదా ఇది అని నవ్వుతూనే అన్నాను. అతను నవ్వలేదు. షెడ్డు వెనక్కి తీసుకుపోయి చూపించాడు. రెండు ప్లేట్లు, కింద గోనెసంచి కప్పిన లారీ బ్యాటరీ. షెడ్డున్న జాగా అతనిది కాదు కాబట్టి మీటర్ ఇవ్వరు. ఊళ్లో మీటరుంది గానీ మొన్నటి గాలికి ఫీడర్ పోయింది, రెండు రోజులైంది, లైన్‌మన్ ఇంకా రాలేదు. మరి ఇదంతా, అని కంచె వైపు చూశాను. "అది ఢిల్లీది" అన్నాడు.

ఒక్క ఢిల్లీదే కాదు, మనది కూడా. మన ఆంధ్రా డిస్కంలు కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీ ద్వారా యూనిట్ 2.49కి 7,000 మెగావాట్లు ఒప్పుకున్నది 2021లో, రాజస్థాన్ ఎండే మన బోర్లకని. అనంతపురంలో ఎండ లేదా, అంత దూరం నించి ఎందుకని అప్పుడు టీ కొట్ల దగ్గర కూడా తగువే. అట్లా రాష్ట్రాలు దాటించే కరెంటుకి ట్రాన్స్‌మిషన్ చార్జీ లేకుండా చెయ్యడమే అసలు కిటుకు. 2025 జూన్ 30 లోపు పూర్తయిన ప్లాంట్లకే ఆ మాఫీ మొత్తం, తర్వాత ఏటా పావు వంతు చొప్పున చార్జీ ఎక్కుతుంది. దాంతో అందరూ ఆ తారీఖుకి పరిగెత్తారు. ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది, ఆ కరెంటు మోసుకుపోయే 765 కేవీ లైను లేవదు. అందుకే మిట్టమధ్యాహ్నం కరెంటు ఎక్కువై ప్లాంట్లని తగ్గించమని గ్రిడ్‌ని నడిపే లోడ్ డిస్పాచ్ వాళ్ల ఫోను, జీపు కుర్రాడు కూడా అదే చెప్పాడు, పన్నెండింటికి ఇంజినీర్లు గేటు దగ్గరకొచ్చి సిగరెట్లు కాలుస్తారని. కరెంటు కొని అమ్మే ఎక్స్చేంజీలో ఆ టైంకి యూనిట్ రూపాయి రూపాయిన్నరకి జారిన రోజులున్నాయి, పొద్దుగూకాక అదే యూనిట్ సీలింగ్ పది రూపాయలకి తగిలిన రోజులూ ఉన్నాయి.

నేనిదంతా ఎవరికి చెప్పను, టీ వాడికే చెప్పాను. అతనికి బాగా అర్థమైంది. "పగలైతే నేనూ ఊరికే పెట్టుకోమంటా, పగలు నాకు ఖర్చేంటి. రాత్రి లారీ వాళ్లొస్తారు, అప్పుడు బ్యాటరీ కావాలి. ఈ ఎండకి బ్యాటరీ రెండేళ్లకి చస్తుంది, కొత్తదానికి పన్నెండు వేలు ఎవరిస్తారు" అన్నాడు. ప్లాంటుతో పాటు దాని సామర్థ్యంలో పదో వంతుకి రెండు గంటలు సరిపడే బ్యాటరీ పెట్టమని కేంద్రం వాళ్లు 2025 ఫిబ్రవరిలో సలహా ఇచ్చారు. ఈయన అంతకుముందే పెట్టేసుకున్నాడు. పగలు ఊరికే అన్నవాడివి నా దగ్గర పది ఎందుకు అడిగావంటే, "మీరు టూరిస్టు" అన్నాడు.

టీ మాత్రం బాగుంది, మేకపాలు, పంచదార గుప్పెడు. రెండు తాగాను. సజ్జ రొట్టె, పచ్చిమిరపకాయ నూరిన కారం, మజ్జిగ పెట్టాడు, నలభై రూపాయలు. అచ్చం మా అమ్మ చేసే సజ్జ రొట్టే, కాకపోతే ఇక్కడ పైన నెయ్యి వేస్తారు. కంచె అవతల ప్లేట్లు పడమటి వైపు ఒరిగి, ఎండ వాలే కొద్దీ నలుపెక్కుతున్నాయి.

నాలుగు నలభైకి జీపు హారన్ కొట్టింది. పరిగెత్తి ఫోన్ ఊడబీకి పది నోటు ఇచ్చాను. అతను ఫోన్ అడిగి తీసుకుని స్క్రీన్ చూశాడు. యాభై రెండు. "సగమే ఎక్కింది" అని గల్లాపెట్టెలో వెతికి ఐదు రూపాయల బిళ్ల నా చేతిలో పెట్టాడు. ఫిక్స్‌డ్ చార్జీ లేదు, మినిమం బిల్లు లేదు, ఏడాది పోయాక పాత ఖర్చుల తేడా రాబట్టే ట్రూఅప్ లేదు. జీపులో పొద్దున్న చెప్పు నమిలిన మేకలు లేవు గానీ వాటి వాసన ఉంది. డ్రైవర్ మళ్లీ నూటయాభయ్యే తీసుకున్నాడు.