రోమన్ సైనికుల కంచంలో ఏముంది

రోమన్ సైనికులు గోధుమలతోనే బతికారని, మాంసం పెద్దగా ముట్టేవాళ్లు కాదని ఒకప్పుడు పండితులే రాసేవాళ్లు. 1971లో ఆర్.డబ్ల్యు. డేవిస్ అనే చరిత్రకారుడు రోమన్ కోటల దగ్గర దొరికిన ఎముకల వివరాలు ఒకచోట చేర్చి ఆ మాట తప్పని చూపించాడు.

బ్రిటన్‌లో రోమన్ చక్రవర్తి హాడ్రియన్ కట్టించిన గోడ వైపు కోటల చెత్తలో పశువుల ఎముకలదే పైచేయి. జబ్బ ఎముకకు బెజ్జం ఉందంటే కొక్కేనికి తగిలించి పొగబెట్టారన్నమాట. నల్లి ఎముకలైతే మూలుగ కోసం చితక్కొట్టేశారు, అందులో మనకూ వాళ్లకూ తేడా లేదు. అన్నట్టు ఆ హాడ్రియన్ మనకు మరీ పరాయివాడేం కాదు, 18వ శతాబ్దం చివర్లో మా నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు కుండలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఆయనవీ ఉన్నాయి.

కానీ ఎముకలు చూసి వాళ్లు రోజూ మాంసమే తిన్నారంటే నేను ఒప్పుకోను. మా ఇంట్లో వారమంతా పప్పన్నం, పచ్చడి, మజ్జిగే, ఆదివారం మాత్రం చేపల పులుసో మటనో. రేపెప్పుడో మా చెత్త తవ్వినవాళ్లకు దొరికేది ముళ్లూ ఎముకలే కాబట్టి పప్పు ఊసే ఎత్తరు.

స్కాట్లాండ్‌లోని బేర్స్‌డెన్ కోటలో సరిగ్గా దీనికి తిరగేసిన కథ నడిచింది. అక్కడి మట్టిలో ఆమ్లం ఎక్కువ, ఎముకలు నిలవవు. ఏం చేశారంటే, మరుగుదొడ్డి నీళ్లు పోయిన కందకంలో అడుగున పేరుకున్న మడ్డిని పరీక్షించారు (ఆ పని చేసినవాళ్ల ఓపికకు దండం). గోధుమ తవుడు, అంజూర గింజలు, ధనియాలు, గసగసాలు బయటపడ్డాయి. మాంసం తింటే కనిపించే కొలెస్ట్రాల్ జాడ చాలా తక్కువ, అంటే కడుపు నింపింది ఎక్కువగా ధాన్యమే. గింజల్లో పురుగులు కూడా ఉన్నాయి, పిండితో పాటు అవీ లోపలికి పోయినట్టే.

ఇక హాడ్రియన్ గోడ దగ్గరే ఉన్న విందోలాండా కోటలో దొరికిన సన్నటి చెక్కరేకుల మీది రాతలు ఇంకా బాగుంటాయి. స్నేహితుడు యాభై ఆయిస్టర్లు పంపాడని ఒకరు, బీరు అయిపోయింది పంపించండని ఇంకొకరు. గాంబాక్స్ అనే సైనికుడు రెండు దినారీలు (రోమన్ వెండి నాణేలు) పెట్టి మిరియాలు కొన్నట్టు ఒక లెక్కలో ఉంది. మన దేశం నుంచి ఓడెక్కి వెళ్లిన సరుకది, ఏ ఎముకా ఆ సంగతి చెప్పలేదు. ఆ చలిలో చప్పిడి గంజి ఎలా దిగిందా అనుకునేవాడిని, వాళ్లకూ ఘాటు కావాల్సే వచ్చిందన్నమాట.